రెండు గిటార్ల నడుమ బేస్‌కు చోటెక్కడ?

రేకుల షెడ్డులో బేస్ గిటార్ లావు తీగను మీటితే స్పీకరు కన్నా ముందు పైకప్పు పలుకుతుంది. భీమవరం, తణుకు, అమలాపురం వైపు ఇంజనీరింగ్ విద్యార్థులు నలుగురైదుగురు కలిసి హెవీ మెటల్ సంగీత బృందం కట్టుకుంటే సాధనకు దొరికే చోటు దాదాపు ఇలాంటిదే. ఖాళీగా ఉన్న ధాన్యం గోదాము, లేదంటే కొబ్బరి తోటలో కాయలు పోసుకునే షెడ్డు. అందులో ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మరు, ఒక గాయకుడు, మూలన బేస్ వాయించే కుర్రాడు. పాట మొదలైన అరనిమిషానికి అతడి వేళ్లు కదలడం కనిపిస్తుంది, రేకులు గడగడలాడడం వినిపిస్తుంది, అతడు వాయిస్తున్న స్వరం ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంకా పెద్ద యాంప్లిఫయర్ కొనాలన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. చాలామంది అప్పోసప్పో చేసి కొంటారు కూడా. అప్పుడు రేకులు ఇంకా గట్టిగా గడగడలాడతాయి.

ఇక్కడ తక్కువైంది శబ్దం కాదు, చోటు. మెటల్ సంగీతంలో బేస్‌కు చోటు ఎందుకు ఇరుకైందో తెలిస్తే ఏ యాంప్ కొనాలన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ ‘ఇ’ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. తర్వాతి ‘ఏ’ 55, ‘డి’ 73, ‘జి’ 98. మామూలు గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, అంటే బేస్‌కు సరిగ్గా ఒక స్థాయి (రెట్టింపు పౌనఃపున్యం) పైన. ఈ లెక్కన ఎవరి వాటా వారికుంది. ఆ పంపకాన్ని చెడగొట్టింది మెటలే. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, నొప్పి లేకుండా వాయించడానికి తన గిటార్ తీగలను వదులు చేసుకున్నాడు. 1971 నాటికి అతడి బ్లాక్ సబ్బత్ బృందం కొన్ని పాటలకు మూడు అర్ధస్వరాలు కిందికి దిగింది. ఆ బరువైన ధ్వని మెటల్‌కు గుర్తుగా మారింది. ఇప్పుడు చాలా బృందాలు గిటార్‌ను ‘బి’ దాకా దింపుతున్నాయి. అది సుమారు 62 హెర్ట్జ్, అంటే బేస్ తీగల్లో ‘ఏ’కీ ‘డి’కీ మధ్యన. గిటార్ వచ్చి బేస్ పెరట్లో నిలబడ్డట్టు. బేస్ ఇంకా కిందికి, అయిదో తీగ ‘బి’ దగ్గరికి, అంటే 31 హెర్ట్జ్‌కు దిగాల్సి వస్తుంది. ఈలోగా డ్రమ్మరు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్య చోటును ఆక్రమిస్తుంది. రెండు గిటార్ల డిస్టార్షన్, అంటే స్వరాన్ని కావాలని గరుకుగా చీల్చే ధ్వని, ఆ పైనున్న ఖాళీలను చాలావరకు పూడ్చేస్తుంది.

మిగిలిందేమిటి? ఒకటి, 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య, తీగ గుర్రుమన్నట్టు వినిపించే భాగం. రెండోది 2000 నుంచి 3000 మధ్య, పిక్ (తీగను మీటే బిళ్ల) తగిలినప్పుడు, తీగ గిటార్ మెడ మీది లోహపు ఫ్రెట్‌కు కొట్టుకున్నప్పుడు పుట్టే లోహపు చప్పుడు. శ్రోత బేస్‌ను గుర్తుపట్టేది ఈ రెంటి వల్లే. మంద్రం శరీరానికి తగులుతుంది, స్వరం చెవికి తెలిసేది మధ్య స్థాయిలో. మన చెవికి మరో గుణం కూడా ఉంది. అసలు స్వరం లేకపోయినా, దాని పై గుణిజాలు (రెండింతల, మూడింతల పౌనఃపున్యాలు) వినిపిస్తే కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. చిన్న ఫోను స్పీకర్లో కూడా సినిమా పాట బేస్ మనకు అర్థం కావడానికి కారణం ఇదే. మోటర్‌హెడ్ బృందపు లెమ్మీ తన మార్షల్ యాంప్‌లో బేస్, ట్రెబుల్ నాబులను దాదాపు పూర్తిగా తగ్గించి మిడ్ నాబును చివరిదాకా తిప్పేవాడు. బేస్ వాయించేవాడు బేస్ నాబును తగ్గించడం విడ్డూరంగా ఉంటుంది. కానీ ఆ బృందం పాటల్లో బేస్ వినబడలేదన్న ఫిర్యాదు మాత్రం ఎవరూ చేయలేదు.

అంచేత కొట్లో యాంప్‌ను పరీక్షించేటప్పుడు మొదట చూడాల్సింది మిడ్ నాబు. ఒకటే మిడ్ నాబుండి, అది ఏ పౌనఃపున్యం దగ్గర పనిచేస్తుందో మార్చుకునే వీలు లేకపోతే మెటల్‌కు అది ఇబ్బందే. రెండు మిడ్ నాబులుంటే, లేదా ఒక నాబుతో పౌనఃపున్యాన్ని, ఇంకో నాబుతో దాని బలాన్ని మార్చుకోగలిగితే రెండు గిటార్ల మధ్య సందు వెతుక్కోవచ్చు. చాలా యాంప్‌ల మీద ఒక మీట ఉంటుంది. నొక్కితే మంద్రమూ పైస్థాయీ ఉబ్బి మధ్యభాగం పల్లం పడుతుంది. ఒంటరిగా వాయించినప్పుడు అది ఎంత సొంపుగా ఉంటుందంటే, కొనుగోలుదారు అక్కడికక్కడే డబ్బు తీసేస్తాడు. బృందంలో చేరాక ఆ స్వరం వరద గోదావరిలో లంకలాగా అందరికన్నా ముందు మునిగిపోతుంది. ఆ మీట కోసం యాంప్ కొన్నవాళ్లు తర్వాత దాన్ని ఎప్పుడూ నొక్కరు.

ఇక వాట్ల సంగతి. 90లలో టేప్‌రికార్డర్ పెట్టెల మీద ‘1000 వాట్ల పీఎంపీఓ’ అని మెరిసే అక్షరాలతో ఉండేది. పెట్టె బరువు చూస్తే రెండు కిలోలు కూడా ఉండదు. ఆ అంకెకు అర్థమేమిటో తయారుచేసినవాడికే తెలియాలి. యాంప్‌ల దగ్గర ఇంత అన్యాయం లేదు గానీ, క్షణకాలపు గరిష్ఠాన్ని పెద్దక్షరాల్లో, నిలకడగా ఇవ్వగల శక్తిని చిన్నక్షరాల్లో అచ్చువేసే అలవాటు ఇంకా ఉంది. చూడాల్సింది రెండోదే. అదీ ఎన్ని ఓమ్‌ల (స్పీకర్ నిరోధపు కొలత) దగ్గర ఇస్తుందో చూడాలి. ఫెండర్ రంబుల్ 500 పేరులోనే 500 ఉంది. కానీ దాని సొంత స్పీకర్లతో అది ఇచ్చేది 350 వాట్లు. అదనంగా ఇంకో 8 ఓమ్‌ల పెట్టె తగిలిస్తేనే మొత్తం 4 ఓమ్‌లై 500 వస్తాయి. సంస్థ ఈ సంగతిని దాచలేదు, చదవనివాళ్లే ఎక్కువ.

పైగా వాట్లకూ చెవికి వినిపించే గట్టితనానికీ ఉన్న సంబంధం చాలా మందకొడిది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. పెరిగిందని తెలుస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. 250 వాట్ల యాంప్ చాలడం లేదని 500 వాట్లది కొనడానికి డబ్బు కూడబెట్టేవారు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి. అదే 3 డెసిబెల్‌లు సున్నితత్వం ఎక్కువున్న స్పీకర్ పెట్టెతోనూ వస్తాయి. ఒక వాట్‌కు, ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్‌లు ఇచ్చే పెట్టె బదులు 100 ఇచ్చేది ఎంచుకుంటే యాంప్ శక్తి రెట్టింపైనట్టే. స్పీకర్ల పట్టికలో ఈ అంకె సాధారణంగా ఉంటుంది, అడిగేవారే తక్కువ.

అలాగని 50 వాట్లతో సరిపెట్టుకోవడం కూడా కుదరదు. మంద్ర స్వరాల విషయంలో మనిషి చెవి మొద్దు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లో ఈ సంగతిని గీతలు గీసి మరీ చూపించారు. మధ్య స్థాయి స్వరంతో సమానంగా వినిపించడానికి 40 హెర్ట్జ్ స్వరానికి ఎన్నో రెట్ల శక్తి కావాలి. గిటారిస్టు 50 వాట్ల ట్యూబు (గాజు వాల్వుల) యాంప్‌తో ఊరంతా వినిపిస్తుంటే, అతడి పక్కన నిలబడడానికి బేస్‌కు మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో 300 నుంచి 500 వాట్లు కావాలి. మైకు లేకుండా కొట్టే మెటల్ డ్రమ్ములు చిన్న గదిలో 100 డెసిబెల్‌లు దాటడం మామూలే. ఆ స్థాయిలో పావుగంట మించి వినడం చెవికి మంచిది కాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క చెబుతుంది. చెవుల్లో పెట్టుకునే బిరడాల ధర యాంప్ ధరలో ఏపాటి?

స్పీకర్ల సైజు గురించి ఒక పాత నమ్మకం ఉంది. పదిహేను అంగుళాలది లోతుగా, పది అంగుళాలది చురుగ్గా పలుకుతుందని. ఇది సగమే నిజం. నాలుగు పది అంగుళాల స్పీకర్ల మొత్తం వైశాల్యం ఒక్క పదిహేను అంగుళాల దానికన్నా దాదాపు ఎనభై శాతం ఎక్కువ. పెట్టె తయారీని బట్టి ఏది లోతుకు వెళ్తుందన్నది మారిపోతుంది. మెటల్ బేస్ అనగానే గుర్తొచ్చే బీరువా లాంటి ఆంపెగ్ పెట్టె, ఎనిమిది పది అంగుళాల స్పీకర్లది, నిజానికి 41 హెర్ట్జ్ ‘ఇ’ని పూర్తి బలంతో పలికించదు. ఆ దరిదాపుల్లో దాని ధ్వని బాగా పడిపోతుంది. అయినా అది యాభై ఏళ్లుగా రాక్ వేదికల మీద నిలబడిందంటే కారణం అది గట్టిగా, చిక్కగా మధ్యభాగాన్ని ఇవ్వడం, ఎత్తుగా ఉండి వాయించేవారి చెవి దగ్గరికే ఆ భాగాన్ని చేర్చడం. ఇందులో చిన్న బృందాలకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. రెండేసి స్పీకర్లున్న రెండు చిన్న పెట్టెలను పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే బేస్ వాయించేవాడికి తన స్వరం తనకు వినబడుతుంది. పెట్టె మోకాళ్ల ఎత్తులో ఉంటే వినేది మోకాళ్లే.

ఓమ్‌ల దగ్గర తప్పు జరిగితే డబ్బు పోతుంది. ఒక్కోటి 8 ఓమ్‌ల రెండు పెట్టెలను కలిపితే 4 ఓమ్‌లవుతుంది. ఒక్కోటి 4 ఓమ్‌లవైతే 2. చాలా యాంప్‌లు 4 కన్నా కిందికి తట్టుకోవు, వేడెక్కి ఆగిపోతాయి, లేదా పాడవుతాయి. ట్యూబు యాంప్‌ది ఇందుకు భిన్నమైన ప్రమాదం. స్పీకర్ తగిలించకుండా వాయిస్తే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. యాంప్‌నుంచి పెట్టెకు గిటార్ కేబుల్ వాడకూడదన్నది ఎంత చెప్పినా ఒక్కోసారి మరిచిపోయే సంగతి.

ట్యూబా, ట్రాన్సిస్టరా అన్న వాదన కోనసీమలో అయితే గోదావరి రేవు దగ్గరే తేలిపోతుంది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల ట్యూబు యాంప్. అప్పట్లో పెద్ద మైదానాల్లో వాయించే రాక్ బృందాల కోసమే చేశారు. దాని హెడ్ (స్పీకర్లు లేని యాంప్ భాగం) ఒక్కటే 35 కిలోలు దాటుతుంది, పెట్టె 60 కిలోలు దాటుతుంది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దీన్ని దాటించాలంటే నలుగురు మనుషులు, ఒక ట్రక్ ఆటో, చాలా ఓపిక కావాలి. ఇప్పుడొచ్చే క్లాస్ డీ యాంప్‌లు విద్యుత్తులో 90 శాతం దాకా స్పీకర్లకే అందిస్తాయి, వేడిగా పోయేది తక్కువ, కాబట్టి వేడిని చెదరగొట్టే పెద్ద లోహపు రెక్కలు అక్కర్లేదు. 500 వాట్లిచ్చే హెడ్ మూడు కిలోల లోపే వస్తుంది. తేలికైన నియోడైమియం అయస్కాంతాల స్పీకర్లు తోడైతే మొత్తం సరంజామా ఒకరు మోసుకుపోవచ్చు. ట్యూబు ధ్వని అందం వేరన్నది అబద్ధం కాదు. హద్దు దాటినప్పుడు అది మెల్లగా నలుగుతుంది, ట్రాన్సిస్టర్ ఉన్నట్టుండి పగులుతుంది. కానీ ఆ నలుగుడును ఇప్పుడు కాలితో నొక్కే చిన్న పెడల్ నుంచి చాలావరకు తెచ్చుకోవచ్చు. అందుకోసం 35 కిలోలు మోయాల్సిన పని లేదు.

మెటల్ బేస్‌లో డిస్టార్షన్ దాదాపు తప్పనిసరి. దాన్ని తిన్నగా మొత్తం సంకేతం మీద వేస్తే కింది భాగం పలచబడిపోతుంది. వినడానికి కోపంగా ఉంటుంది, వెన్ను మాత్రం ఉండదు. అందుకే సంకేతాన్ని రెండు పాయలు చేస్తారు. మంద్రాన్ని శుభ్రంగా వదిలేసి, పై పాయకు మాత్రమే డిస్టార్షన్ పెట్టి, మళ్లీ కలుపుతారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలై కాలువల్లో పారినట్టే, ఏ పాయలో ఎంత వదలాలన్నదే పని. పెడల్ మీద ‘బ్లెండ్’ అనే నాబుంటే ఇది సాధ్యం. ఫిన్లాండ్‌కు చెందిన డార్క్‌గ్లాస్ పేరు మెటల్ బేసిస్టుల్లో ఇంతగా వ్యాపించడానికి కారణం ఈ పనిని శ్రద్ధగా చేయడమే. డబ్బు తక్కువైతే ఇదే సూత్రంతో పనిచేసే చవక పెడల్స్ ఉన్నాయి. బ్లెండ్ నాబు లేని బేస్ డిస్టార్షన్ పెడల్ ఎంత పేరున్నదైనా మెటల్‌కు రెండో ఎంపికే.

గోదావరి డెల్టాలో యాంప్ ఎంపికను నిజంగా మార్చేసే విషయం ఇప్పుడొస్తుంది. పెళ్లిళ్లకు, వినాయక చవితి ఊరేగింపులకు, తీర్థాలకు డీజే బాక్సులు అద్దెకిచ్చేవారు ఇక్కడ చిన్న ఊళ్లలోనూ ఉంటారు. పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు, వేల వాట్ల యాంప్‌లు, లారీ నిండా. కాలేజీ ఉత్సవమైనా, మరే వేదికైనా ఆ పెట్టెలే వస్తాయి. అంటే వేదిక మీద శక్తి ముందే సిద్ధంగా ఉంది. బృందం తెచ్చుకోవాల్సింది శక్తి కాదు, ఆ శక్తికి అందించడానికి సరైన స్వరం. దాన్ని మిక్సర్‌కు చేర్చేది డీఐ అవుట్‌పుట్. యాంప్ వెనకాల మూడు పిన్నుల సాకెట్‌గా ఉంటుంది, లేదా ప్రీయాంప్ పెడల్‌కు (యాంప్‌కు ముందే స్వరాన్ని దిద్దే పెడల్) ఉంటుంది. ఇది లేని బేస్ యాంప్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

డీఐ దగ్గర చూడాల్సినవి రెండే. ఒకటి, నాబులు తిప్పిన తర్వాతి స్వరాన్ని పంపగలగాలి. శుభ్రమైన ముడి స్వరాన్ని పంపితే మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి దాన్ని తనకు తెలిసినట్టు దిద్దుతాడు. ఆయనకు సినిమా పాట తెలుసు, డప్పు తెలుసు, చర్చి కీర్తన తెలుసు. మెటల్ బేస్‌లోని డిస్టార్షన్ వినగానే కేబుల్ లూజయిందనుకుని గెయిన్ తగ్గించేస్తాడు. ఆయన తప్పేమీ లేదు, పొద్దున్నే వెళ్లి ఒక పాట వినిపించి రావడం బృందం బాధ్యత. రెండు, స్పీకర్ అనుకరణ ఉండాలి. గిటార్ స్పీకర్లలాగే బేస్ స్పీకర్ పెట్టెలు కూడా 4000, 5000 హెర్ట్జ్ పైన చాలావరకు కత్తిరించేస్తాయి. డీజే బాక్సుల్లోని హారన్లు కత్తిరించవు. అనుకరణ లేకుండా డిస్టార్షన్‌ను వాటిలోకి వదిలితే కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది.

వీటితోపాటు 30 హెర్ట్జ్‌ల కింద సంకేతాన్ని ఆపేసే ఫిల్టర్ ఉంటే మంచిది. ఆ లోతులో స్వరమేమీ ఉండదు, చేతి తాకిడి, వేదిక చెక్కల అదురు తప్ప. వాటిని వదిలేస్తే స్పీకర్ వృథాగా ఎగిరిపడుతుంది, శక్తి అక్కడే ఖర్చవుతుంది.

కరెంటు గురించి రెండు మాటలు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 వోల్టుల యాంప్‌ను ఇక్కడి 230లో తిన్నగా గుచ్చితే ఆ సాయంత్రం అక్కడితో ముగుస్తుంది. వెనక పలకమీద 100 నుంచి 240 అని ఉంటే ఏ ఇబ్బందీ లేదు, వోల్టేజి కొంత దిగినా అది సర్దుకుంటుంది. రాత్రిపూట రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ తిరిగే ఊళ్లలో ఇది చిన్న సుగుణం కాదు. పందిరి వేదికల దగ్గర ఎర్తింగ్ ఉందో లేదో తప్పక అడగాలి. ఎర్త్ లేని చోట ఒక చేయి తీగల మీద, పెదవులు మైకు మీద ఉన్న గాయకుడికి షాక్ కొట్టడం నవ్వులాట కాదు. ఎర్త్ సరిగా లేనప్పుడు వచ్చే గుయ్‌మనే హోరు 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. బేస్ సన్న తీగ ‘జి’ 98 హెర్ట్జ్. అంటే ఆ హోరు పక్కన తీగ సవరించుకుంటే ఎప్పటికీ కుదిరినట్టు అనిపించదు. శ్రుతి చెడిందని తీగను తిప్పేముందు ప్లగ్గు చూడాలి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న 2000 నాటి నిబంధన ఎలాగూ ఉంది. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్‌లే కాబట్టి ఇంటి దగ్గర సాధన చేసేవారికి హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న యాంప్ పక్కింటివారితో స్నేహం నిలబెడుతుంది.

ఇప్పుడు డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలన్నది. డెల్టా బృందానికి మొదటిది ప్రీయాంప్ పెడల్: బ్లెండ్, మిడ్ సర్దుబాటు, స్పీకర్ అనుకరణ, డీఐ ఉన్నది. వేదికల మీద సగం పని దానితోనే అయిపోతుంది. రెండోది సాధనకు సున్నితత్వం ఎక్కువున్న ఒక పెట్టె, రెండు పది అంగుళాలదైనా చాలు, 8 ఓమ్‌లదైతే రేపు ఇంకొకటి కలుపుకోవచ్చు. చివరిది తేలికైన క్లాస్ డీ హెడ్. చాలామంది దీన్ని తలకిందులు చేసి ముందు పెద్ద హెడ్ కొంటారు, డబ్బు అయిపోయాక దొరికిన స్పీకర్ తగిలిస్తారు, పెడల్ ఊసే ఉండదు. హైదరాబాద్, బెంగళూరుల నుంచి పాత యాంప్‌లు చవకగానే దొరుకుతాయి. తెచ్చుకున్నాక సముద్రపు గాలికి సాకెట్లు చిలుం పట్టకుండా గుడ్డ కప్పి, నేలమీద కాక బల్లమీద పెట్టుకోవాలి. కాగితపు కోన్‌లున్న స్పీకర్లు వర్షాకాలపు తేమకు మెత్తబడతాయి.

షెడ్డుకు తిరిగొస్తే, గోడలకు కొబ్బరి పీచు పరుపులు కట్టడం చాలామంది చేసే మొదటి పని. డ్రమ్ములతో వాయించే లోహపు పళ్లాల (సింబల్స్) మోత కొంత తగ్గుతుంది. 41 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిది మీటర్లు పైమాటే, దాన్ని పీల్చాలంటే రెండు మీటర్ల మందం పీచు కావాలి. ఎనిమిది మీటర్ల పొడవున్న షెడ్డులో ‘ఇ’ స్వరం గోడల దగ్గరా మధ్యలోనూ ఉబ్బి, నాలుగోవంతు దూరంలో దాదాపు మాయమవుతుంది. కాబట్టి పెట్టెను మూలనుంచి బయటికి జరిపి, బేస్ నాబు కాస్త తగ్గించి, మిడ్ పెంచి, వాయించేవాడు రెండడుగులు అటూ ఇటూ నడిచి చూడాలి. ఖర్చులేని ఈ పని చేశాక కూడా స్వరం వినబడకపోతే అప్పుడు కొట్టుకు బయలుదేరవచ్చు. వెళ్లేటప్పుడు గిటారిస్టును కూడా తీసుకెళ్లి, తీగలను తమ పాటల శ్రుతికే దింపి, అతడు ఆపకుండా వాయిస్తుండగా యాంప్‌ను వినాలి.